రేనాటి చరిత్రయు చీనా నిఘంటువులును: ‘చులియ’ దేశనామ పరిశీలనము

నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతములవారు తమ నేలను నేటికిని రేనాడని వ్యవహరింతురు. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, 1866 నాటి కఱవులో అన్నార్తులను ఆదుకొనిన బుడ్డా వెంగళరెడ్డిని జతపఱచి ‘రేనాటి సూర్యచంద్రులు’ అనుట ఇచ్చటి వాడుక. ఈ నాడు ప్రాచీన శాసనములలో ‘రేనాండు ఏడువేలు’ అను పేరితో కానవచ్చును. దానిని ఏలినవారు రేనాటి చోళులు. సంస్కృత ప్రాకృతములకు మాఱుగా తెలుగున శాసనములు వ్రాయించుటలో వీరు ముందు నడచినవారు. కావున రేనాటి చరిత్ర ఒక సీమ చరిత్ర మాత్రమే కాదు. తెలుగుభాషా చరిత్రకు తొలి ప్రకరణము.

ఈ చోళులు ఏలుచున్న 7వ శతాబ్దిలోనే ఒక పరదేశి ఆంధ్రదేశమునకు వచ్చి, తాను చూచినదియు విన్నదియు తన భాషలో వ్రాయించెను. ఆతడు చీనా దేశపు బౌద్ధభిక్షువు. మన పుస్తకములలో ఆతని పేరు హ్యూన్ త్సాంగ్, యువాన్ చ్వాంగ్, షువాన్ జాంగ్ అని పలు విధముల కనబడును, మనిషి ఒక్కడే. 629లో బయలుదేఱి 645లో స్వదేశము చేరిన ఈ యాత్రికుని గ్రంథమున, ధాన్యకటకమునకును కాంచీపురమునకును నడుమ ఒక దేశము వర్ణింపబడినది. దాని పేరు చీనా లిపిలో మూడు అక్షరములు. ఆ మూడక్షరములే రేనాటి చోళ దేశమని కొందఱు, కర్నూలని కొందఱు, కడపయని కొందఱు చెప్పిరి. ఈ మతములన్నియు మన స్థానిక చరిత్రలలో ఎత్తి వ్రాయబడినవే గాని, ఆ మూడక్షరములను మూలమున చూచి పరీక్షించిన తెలుగు పరిశోధకులు మిక్కిలి తక్కువ. చీనాభాష రానివారు ఏమి చేయగలరని అడుగవచ్చును. తగిన సంప్రదింపు గ్రంథములు ఎవ్వియో, వానిని ఏ వరుసను చూడవలెనో తెలిసినచో చాల చేయవచ్చునని చూపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

1. అనువాదములు

విద్యార్థికి మొదట అందునవి అనువాదములు. యాత్రికుని గ్రంథమునకు ‘మహా తాంగ్ రాజ్యకాలపు పశ్చిమదేశ వృత్తాంతము’ అని పేరు. ఇది 646లో ముగిసిన 12 సంపుటికల గ్రంథము. ఆంధ్రము, ధాన్యకటకము, మనకు కావలసిన చోళదేశము, ద్రావిడము పదవ సంపుటికలో వరుసగా వచ్చును. ఆతని శిష్యుడు హుయిలి ఆరంభింపగా, 688లో యాన్ చోంగ్ పూర్తిచేసిన జీవితచరిత్ర ఇంకొకటి కలదు. ఈ రెంటిని కలిపి చదువవలెను. ఒకదానిలోని దూరమో దిక్కో అనుమానాస్పదమైనచో రెండవది దానికి సాక్ష్యము.

వృత్తాంతమును ఫ్రెంచిలోనికి స్టానిస్లాస్ జూలియెన్ 1857-58లో తెచ్చెను. ఆంగ్లమున శామ్యూల్ బీల్ అనువాదము రెండు సంపుటములుగ 1884లో వెలువడెను. థామస్ వాటర్స్ వ్రాసిన విమర్శగ్రంథము, ఆయన మరణానంతరము, 1904-05లో అచ్చయ్యెను. దానికి విన్సెంట్ స్మిత్ మార్గ పటములు కూర్చెను. లి రొంగ్‌షి ఆంగ్లానువాదము 1996లో వచ్చినది. మన దక్షిణదేశ విద్యార్థికి చేతికి దగ్గఱగ ఉండునది కె. ఏ. నీలకంఠశాస్త్రిగారి సంకలనము. మెగస్తనీసు మొదలు మా హువాన్ వఱకు గల విదేశీయులు దక్షిణదేశమును గూర్చి వ్రాసిన భాగములను ఆయన ఏర్చి కూర్చగా మద్రాసు విశ్వవిద్యాలయము 1939లో ప్రకటించినది.

ఇచ్చట మొదటి చిక్కు. ఒక్క దేశనామమే జూలియెన్ చేతిలో ఒక వర్ణక్రమముతోను, బీల్ చేతిలో మఱియొక దానితోను, వాటర్స్ చేతిలో ఇంకొక దానితోను ఉండును. ‘చులియె’, ‘చులియ’ అనునవి రెండు పేరులు కావు. అంత్యాక్షరము నేడు ‘యె’ అని పలుకబడుచుండగా వాటర్స్ దానికి ‘య’ అను ప్రాచీనోచ్చారణమును ఇచ్చెను. 1958 నుండి చీనాలో అధికారికమైన పిన్‌యిన్ పద్ధతిలో ఈ పేరిని రోమను లిపిలో చూచిన తెలుగు చదువరి మొదటి అక్షరమును ‘జు’ అని చదువును. అది పొరపాటు. ఆ పద్ధతిలో ఆ గుర్తు పరుష ధ్వనికే ఏర్పడినది. ఈ వర్ణక్రమ భేదములను ఎఱుగక, వేర్వేఱు పుస్తకములనుండి ఎత్తుకొని, ఒక్క దేశమునే రెండు దేశములుగ భ్రమించుటకు అవకాశము కలదు.

2. మూలపాఠము

అనువాదములు విభేదించినపుడు మూలమే శరణ్యము. చీనా బౌద్ధ వాఙ్మయమునంతను జపానులో 1924 మొదలు 1934 వఱకు 100 సంపుటములుగ ముద్రించిరి. తైషో త్రిపిటకమని ప్రసిద్ధమైన ఈ ముద్రణమున ప్రతి గ్రంథమునకు ఒక సంఖ్య కలదు. వృత్తాంతము 51వ సంపుటములో 2087వ గ్రంథము. జీవితచరిత్ర 50వ సంపుటములో 2053వది. పుట అడుగున పాఠాంతరములు ఈయబడినవి. విద్యార్థి తన వ్యాసమున ఈ సంఖ్యలను ఉదాహరించినచో ఏ దేశపు పండితుడైనను ఆ చోటును వెదకుకొనగలడు. మనము శాసనమును సంపుట సంఖ్యతో ఉదాహరించుట వంటిదే ఇది. వృత్తాంతమునకు వివరమైన టీకతో కూడిన పరిష్కరణమును జి షియన్‌లిన్ ప్రభృతులు 1985లో బీజింగ్‌లో ప్రకటించిరి. తైషో పాఠము నేడు జపానులోను తైవానులోను సిద్ధపఱచిన విద్యుత్ ప్రతులుగ ఉచితముగ లభించుచున్నది. కావున మూలము దొరకదను సాకు నేడు చెల్లదు.

పాత గ్రంథసూచికలలో నన్జియో బున్యియు 1883లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చువేయించిన పట్టిక నేటికిని పనికి వచ్చును. పాత ఐరోపా పండితులు తఱచుగ దాని సంఖ్యలనే ఉదాహరించిరి.

3. అక్షరమును వెదకు విధము

చీనా లిపిలో వర్ణక్రమము లేదు. కావున నిఘంటువును తెఱచుట ఎట్లో ముందు నేర్వవలెను. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు 47,000కు మించిన అక్షరములను 214 మూలాంగముల క్రింద విభజించినది. ప్రతి అక్షరమున ఒక మూలాంగము ఉండును; దానిని గుర్తించి, మిగిలిన గీతలు ఎన్నియో లెక్కించి, ఆ చోట వెదకవలెను. మన మూడక్షరములనే తీసికొందము. మొదటి దానికి రత్నమను అర్థము గల 96వ మూలాంగము, మిగిలిన గీతలు 6. రెండవ దానికి కత్తి యను 18వ మూలాంగము, గీతలు 5. మూడవ దానికి చెవి యను 128వ మూలాంగము, గీతలు 3. ఇంతమాత్రము తెలిసినచో కాంగ్‌షీలోను, మొరొహాషి తెత్సుజి 1955 మొదలు 1960 వఱకు 13 సంపుటములుగ వెలువరించిన చీనా-జపాను మహానిఘంటువులోను ఆ అక్షరములను పట్టుకొనవచ్చును. ఆంగ్లార్థములు కావలసినవారికి 1931లో షాంఘైలో వెలువడిన మాథ్యూస్ నిఘంటువు చాలును.

నిఘంటువు చూచినవారికి వెంటనే ఒక ప్రలోభము కలుగును. మొదటి అక్షరమునకు ముత్యమని అర్థము; రెండవ దానికి లాభమని, వాడియని; మూడవది ప్రశ్నార్థకము. దక్షిణదేశము ముత్యములకు పేరొందినది గనుక ఇది ‘ముత్యముల దేశము’ అనబోదుము. అట్లనరాదు. విదేశనామములను వ్రాయునపుడు చీనావారు అక్షరముల అర్థమును విడిచి ధ్వనిని మాత్రమే గ్రహింతురు. ఏ అక్షరములు ఏ సంస్కృత వర్ణములకు వాడబడినవో తెలుపుటకు జూలియెన్ 1861లో ప్రత్యేకముగ ఒక గ్రంథము వ్రాసెను. బౌద్ధ పదములకు సూతిల్, హోడస్ అను ఇరువురు 1937లో కూర్చిన నిఘంటువు కలదు. ప్రబోధచంద్ర బాగ్చీగారు రెండు ప్రాచీన సంస్కృత-చీనా పదకోశములను పరిష్కరించిరి. ఇవి మన విద్యార్థికి చీనావైపునుండి వచ్చిన అమరకోశముల వంటివి.

4. ధ్వని నిర్ణయము

అక్షరమునకు నేటి ఉచ్చారణము తెలిసినంతమాత్రమున చాలదు. 1,300 ఏండ్లలో చీనాభాష ఎంతయో మాఱినది. యాత్రికుని కాలమునకు కొంచెము ముందు, 601లో, ఛియెయున్ అను ప్రాసకోశము పుట్టినది. దాని విస్తృత రూపము 1008 నాటి గ్వాంగ్‌యున్. వీనిలో ప్రతి అక్షరపు ఉచ్చారణమును ఇంకొక రెండక్షరములతో చెప్పుదురు: మొదటి దాని హల్లును, రెండవ దాని అచ్చును గ్రహించి కలుపవలెను. పాణినీయ ప్రత్యాహారములవలె ఇదియు ఒక సంకేతము; అలవాటైనచో కష్టము లేదు. ఈ సంకేతములనుండి ప్రాచీనధ్వనులను పునర్నిర్మించిన గ్రంథములలో కార్ల్‌గ్రెన్ నిఘంటువులు (1923, 1957), పుల్లీబ్లాంక్ కోశము (1991) ముఖ్యములు.

వీని వలన తేలునదేమి? మొదటి అక్షరము చకారాది, ఉకారముతో కూడినది, రెండవది ‘లి’, మూడవది ‘య’. పేరు ‘చులియ’ వంటిది. దీనినుండి మూడు విషయములు చెప్పవచ్చును.

మొదటిది. కనింగ్‌హామ్ 1871 నాటి తన ప్రాచీన భూగోళ గ్రంథమున ఈ పేరికి జకారాదియైన ప్రత్యామ్నాయ రూపమును కూడ చూపెను. కాని ఆనాటి చీనాభాషలో పరుష సరళ భేదము స్పష్టము; జకారమునకు వేఱు అక్షరములు ఉండెను. మన అక్షరము పరుషాది. కావున జకార రూపముపై కట్టిన ఊహ ఏదియు నిలువదు.

రెండవది తెలుగు పరిశోధకునికి మిక్కిలి ముఖ్యము. ఈ వంశనామమున నడిమి హల్లు ఎట్టిది? అశోకుని ధర్మశాసనములలో డకారముతో ‘చోడ’ యని కలదు. ఆ శాసనములు కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలపైననే ఉన్నవి. రేనాటి తెలుగు శాసనములలో ఆ చోట ఴకారము ఉన్నది; ఆ వర్ణము తరువాతి తెలుగున డకారమై ‘చోడ’ రూపమే నిలిచినది. మఱి యాత్రికుడు ఏమి వ్రాసెను? ద్రావిడ శబ్దములోని డకారమునకు ఆతడు ఒక ప్రత్యేకాక్షరమును వాడెను. ఆ అక్షరము పదవ సంపుటికలోనే, చోళదేశమునకు వెనువెంటనే వచ్చును. అనగా డకారము చెవిని పడినపుడు దానిని వ్రాయు మార్గము ఆతనికి తెలియును. ఐనను ఇచ్చట లకారపు అక్షరమునే వ్రాసెను. పూర్వులు వ్రాసిన సంస్కృతనామ రూపములను తప్పులని పలుచోట్ల ఎత్తిచూపి సవరించిన వ్రాతకాడు ఆతడు. అట్టివాని అక్షరములను అజాగ్రత్తగ వ్రాసినవని త్రోసివేయరాదు. కావున 7వ శతాబ్ది నడుమ ఆతనికి ఈ పేరు చెప్పినవారి నోట అది ‘చోడ’ కాదనియు, లకార ళకారములకు దగ్గఱి ధ్వనియనియు తోచుచున్నది. శాసనములలోని ఴకారముతో ఇది పొసగును. చెప్పినవారు తెలుగువారో, సంస్కృతము మాటాడు భిక్షువులో నిర్ణయింపలేము గనుక దీనిని సాక్ష్యమనవలెనే గాని సిద్ధాంతము అనరాదు.

మూడవది ప్రతికూలాంశము, దానిని దాచరాదు. శాసనములలో ఓకారము ఉండగా యాత్రికుని అక్షరము ఉకారమువైపు మొగ్గుచున్నది. కోసల శబ్దమున ఓకారమునకు ఆతడు వేఱు వర్గపు అక్షరమును వాడెను. ఈ భేదమును, చివరి ‘య’కారమును వివరింపవలసి ఉన్నది.

ఇంకొక హెచ్చరిక. తంజావూరు చోళుల రాయబారము 1015లో సోంగ్ చక్రవర్తి కొలువు చేరినది. ఆనాటి చీనా చరిత్రలలో చోళదేశమునకు ‘చునియెన్’ వంటి వేఱొక పేరు వాడబడినది. ఆ గ్రంథభాగములను నొబోరు కరాషిమ, తాన్సేన్ సేన్ అనువారు ఆంగ్లమున అనువదించి, 2009లో అచ్చయిన ఒక సంకలనమునకు అనుబంధముగ చేర్చిరి. ఆ వాక్యములను రేనాటి చోళులకు అన్వయింపరాదు.

5. దూరములును దిక్కులును

ధాన్యకటకమునుండి నైరృతి దిశగ 1,000 లీలకు పైగ నడచిన చులియ వచ్చునని, అచ్చటినుండి దక్షిణముగ అడవులలో 1,500 లేక 1,600 లీలు నడచిన ద్రావిడము వచ్చునని వృత్తాంతము చెప్పుచున్నది. కాంచీపురము ఆ ద్రావిడమునకు రాజధాని. కనింగ్‌హామ్ 6 లీలు ఒక మైలుగ లెక్కించి, మొదటి మజిలీ 167 మైళ్లని, ఆ చోటు కర్నూలని నిర్ణయించెను. స్మిత్ దానిని దత్తమండలములలో, విశేషించి కడప జిల్లాలో పెట్టెను.

పటముపై మేము కొలిచి చూచితిమి. ధరణికోటనుండి సూటిగ కర్నూలు సుమారు 260 కిలోమీటర్లు, ఆళ్లగడ్డ 255, నంద్యాల 235, కడప 285. కనింగ్‌హామ్ లెక్కను 1,000 లీలు 268 కిలోమీటర్లు. నాలుగు ఊళ్లును ఇంచుమించుగ సరిపోవుచున్నవి. దిక్కు చూచినచో కర్నూలు పడమటికి ఒరగినది, కడప దక్షిణమునకు ఒరగినది. సరియైన నైరృతికి ఆళ్లగడ్డ దగ్గఱ. రెండవ మజిలీ 400 మొదలు 430 కిలోమీటర్లు కావలెను. కాంచీపురము కర్నూలునుండి సుమారు 375, నంద్యాలనుండి 320, ఆళ్లగడ్డనుండి 285, కడపనుండి 205. దీనిని బట్టి కర్నూలు మేలు. అనగా దిక్కు ఒకచోటును, దూరము ఇంకొకచోటును చూపుచున్నవి. అడవిదారి వంకరలు ఎన్నియో మనకు తెలియవు. ధాన్యకటకము విజయవాడయని తలచిన ఫెర్గూసన్ మతమును గ్రహించినచో అంకెలన్నియు మరల మాఱును. కావున లీలను మైళ్లుగ మార్చి ఊరి పేరు తేల్చు పద్ధతి ఇచ్చట పనికిరాదు. యాత్రికుడు చెప్పినది దేశము. మనము వెదకునది ఊరు.

కాలనిర్ణయమునకును ప్రత్యేక పట్టికలు కలవు. చీనా తేదీలు రాజుల శకములలోను చాంద్రమాసములలోను ఉండును. చెన్ యువాన్ కూర్చిన చాంద్రమాస పట్టికలు ఆ తేదీలను క్రీస్తుశకమునకు మార్చుటకు ఉపకరించును. శాసన తేదీలకు మనము స్వామికన్ను పిళ్లెగారి పంచాంగ పట్టికలను చూచుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఈ యాత్ర ఆంధ్రదేశ భాగము సుమారు 639-640 నాటిది.

6. మన ఆకరములతో సమన్వయము

యాత్రికుడు చులియను జనసంఖ్య తక్కువైన అడవి దేశముగను, దారిదోపిడులు బహిరంగముగ జరుగు చోటుగను వర్ణించెను. సంఘారామములు శిథిలములనియు, దేవాలయములు పదులకొలది ఉన్నవనియు, దిగంబరులు అధికులనియు చెప్పెను. రాజధానికి అనతిదూరమున అశోకస్తూపము కలదనెను. రాజు పేరు చెప్పలేదు.

దీనికి ఎదురుగ నిలుపవలసినవి మన శాసనములు. పుణ్యకుమారుని మాలేపాడు తామ్రశాసనమును హెచ్. కృష్ణశాస్త్రిగారు ఎపిగ్రాఫియా ఇండికా 11వ సంపుటమున ప్రకటించిరి. అందు నందివర్మ మొదలు పుణ్యకుమారుని వఱకు వంశక్రమము కలదు. కృష్ణశాస్త్రిగారు దానిని 8వ శతాబ్దికి చేర్పగా తరువాతివారు 7వ శతాబ్దికి జరపిరి. ఆ జరపుటలో చులియ ప్రస్తావము కూడ ఒక ఆధారముగ వాడబడినచో, మరల ఆ శాసనకాలమునే చులియ రేనాడనుటకు ఆధారముగ చూపరాదు. అది అన్యోన్యాశ్రయ దోషము. విద్యార్థి ప్రతి మతమునకును మొదటి ఆధారమును తవ్వి చూడవలెను. అనంతపురము, కడప మండలముల తెలుగు చోళ శాసనములు అదే పత్రిక 27వ సంపుటమున కలవు. బూదరాజు రాధాకృష్ణగారి ప్రాచీనాంధ్ర శాసన గ్రంథము (1971), కోరాడ మహాదేవశాస్త్రిగారి చారిత్రక వ్యాకరణము (1969) ఴకార చరిత్రకు అవశ్యము చూడదగినవి. స్థలవివరములకు నరహరి గోపాలకృష్ణమ సెట్టిగారి కర్నూలు జిల్లా మాన్యువలు (1886), మెకంజీ కైఫీయతులు ఉన్నవి.

ఎఱ్ఱగుడిలో అశోకుని శాసనములు ఉన్నవి గనుక స్తూపమును ఆ పరిసరములలోనే వెదకవలెనని కొందఱకు తోచవచ్చును. యాత్రికుడు భారతదేశమున అనేక స్తూపములను అశోకునికి అంటగట్టెను. బండపై చెక్కిన ధర్మలిపి ఒకటి, జనశ్రుతిలోని స్తూపము ఇంకొకటి. రెంటిని ముడివేయుటకు ముందు తవ్వకములు మాటాడవలెను.

7. చేయవలసిన పని

పైని చెప్పిన పరిశీలనమునకు చీనాభాషా పాండిత్యము అక్కఱలేదు. మూడక్షరములను గుర్తించు ఓపిక, ఆఱేడు గ్రంథములు చాలును. వీని వెనుక ఇంకను ఏ గ్రంథములు కలవో తెలుపుటకు టెంగ్, బిగర్‌స్టాఫ్ అనువారు 1936లో వ్రాసిన చీనా సంప్రదింపు గ్రంథముల వ్యాఖ్యాసహిత సూచి, ఎండిమియన్ విల్కిన్సన్ చీనా చరిత్ర పరిశోధన గ్రంథము (1998) మార్గదర్శకములు. మన దేశమున 1937లో శాంతినికేతనమున నెలకొల్పబడిన చీనా భవనము ఈ విద్యకు పాత ఆలవాలము.

తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటి కలదు. చీనా గ్రంథములలో ఆంధ్రదేశమునకు సంబంధించిన పేరులు కొద్దియే: ఆంధ్రము, దాని రాజధానియైన వేంగి, ధాన్యకటకము, చులియ. ఒక్కొక్క పేరికి మూలాక్షరములు, తైషో సంఖ్య, ప్రాచీనోచ్చారణము, అనువాదకుల వర్ణక్రమములు, పండితుల మతములు, వాని ఆధారములు ఒక్కచోట తెలుగున కూర్చినచో ఇరువది పుటల పుస్తకము అగును. దాని వలన తరువాతి విద్యార్థి ఉదాహరణమును ఉదాహరించు దురవస్థనుండి తప్పించుకొనును.

చులియ రేనాడేనా? దేశనామము చోళులదే యనుటకు ధ్వని అనుకూలము. తూర్పున ధాన్యకటకము, దక్షిణమున కాంచి ఉండగా నడుమ చోళనామము గల దేశము రేనాటివారిదియే యనుటకు శాసనములు అనుకూలము. నంద్యాలయో, ఆళ్లగడ్డయో, కర్నూలో, కడపయో రాజధానియనుటకు మాత్రము నేటివఱకు ఆధారము లేదు. 2022లో నంద్యాల ప్రత్యేక జిల్లాయైన పిమ్మట ఆ సీమకు తనదైన చరిత్ర వ్రాసికొనవలెనను కోరిక సహజముగ పెరుగును. ఆ చరిత్రలో ఈ చీనా సాక్ష్యము ఎంతవఱకు చెల్లునో అంతవఱకే వాడుకొనుట దానికి గౌరవము.